పన్నెండు ఇళ్ళు, ఒక తలుపు

ఇంటికి తలుపు శుద్ధ దండగ! గోడలుండాలి, ఒప్పుకుందాం. పైకప్పు ఉండాలి, సరే. తలుపు దేనికండీ? దొంగలొస్తారనా? వరసగా మూడేళ్ళు శెనక్కాయ పంట ఎండిపోయిన పావగడ తాలూకాలో దొంగ వచ్చి ఏం పట్టుకుపోతాడు? వాడే జాలిపడి ఏదో ఒకటి పెట్టిపోవాలి!

ఈ సత్యాన్ని మొదట గ్రహించిన మహానుభావుడు కంట్రాక్టరు అనంతరాము. ఇల్లు లేని కుటుంబాలకు మూడే నెలల్లో ఇల్లూ, పనీ రెండూ ఇప్పించే సర్కారు పథకం ఒకటి వచ్చింది. దాని కింద నిడుగల్లు దగ్గర పన్నెండు ఇళ్ళు కట్టే పని ఆయనకు దొరికింది. ఇళ్ళు పన్నెండు కట్టించాడు. తలుపు మాత్రం ఒకటే చేయించాడు. ఇంజనీరు ఏ రోజు ఏ ఇల్లు చూడ్డానికి వస్తే ఆ రోజు ఆ ఇంటికి తలుపుంటుంది. ఆయన "తలుపు ఉంది" అని రాసుకుని జీపెక్కుతాడు. తలుపు ఎద్దులబండి ఎక్కుతుంది. ఇందులో అబద్ధమెక్కడుందో చూపించండి!

మరి ఆ తలుపును తెచ్చి బిగించి, మళ్ళీ పీకడానికి ఒక మనిషి కావాలి కదా? అట్లా బొమ్మన్నకు ఉద్యోగం దొరికింది. పన్నెండు తలుపులు చేయించి ఉంటే ఈ ఉద్యోగం ఎక్కణ్ణుంచి వచ్చేది? చెప్పండి!

బొమ్మన్న భార్య నరసక్కకు మాత్రం ఈ ఆర్థికశాస్త్రం తలకెక్కలేదు. మూడేళ్ళకు ఒక్క వాన పడింది. ఆ ఒక్క వానకే వాళ్ళ మట్టిమిద్దె కూలింది. అప్పట్నుంచి కాపురం శెనక్కాయల మిల్లు వసారాలో. గోనెసంచుల చాటున చీర మార్చుకోవాలి. ఎవడు దగ్గినా ఉలిక్కిపడాలి. నిజానికి ఎంత సందడి! ఏ మేడలో ఉండేవాళ్ళకు అంతమంది తోడుంటారు? అయినా ఆమెది ఒకటే పాట. లోపల గడియ పెట్టుకుని, ఒక్కసారి భయం లేకుండా నీళ్ళు పోసుకోవాలట. కోరికలకు హద్దుండొద్దూ?

పన్నెండో ఇల్లు వాళ్ళదే. ఆ పొద్దున బొమ్మన్న తన ఇంటికే తలుపు బిగించాడు.

"సారు చూసి పోతానే దీన్ని పీకల్ల. వల్లూరులో ఇంగా ఇరవై ఇండ్లు ఉండాయంట!" అన్నాడు సంబరంగా.

"పీకేదానికయితే బిగించేది ఎందుకయ్యా?"

"పీకేది ఉండాది గాబట్టే నాకు పని ఉండాది. నీకు తెలీదు, గమ్మునుండు."

ఇంజనీరుకు ఎదురెళ్ళడానికి అతను రోడ్డు దాకా పోయాడు. అంతలో నరసక్క ఘోరం చేసింది. గడపకు పసుపు పూసింది. తలుపుకు కుంకుమ బొట్లు పెట్టింది. వేపాకు తోరణం కట్టి, పాలు పొంగించింది. మిగతా పదకొండు ఇళ్ళలో ఎవరికీ ఈ బుద్ధి పుట్టలేదు. వాళ్ళు సామాను సర్దుకుని వచ్చేలోపే తలుపు వెళ్ళిపోయేది!

ఇంజనీరు వచ్చాడు, రాసుకున్నాడు, పోయాడు. వెనకే అనంతరాము బండితో వచ్చాడు. తలుపు పీకడానికి బొమ్మన్న గడారి ఎత్తాడు. అనంతరాము కళ్ళు బొట్ల మీద పడ్డాయి.

"ఆగరా! పూజ చేసిన తలుపు పీకిస్తే నా ఇల్లు నిలబడుతుందా?"

పన్నెండు ఇళ్ళకు ఒక తలుపు పెట్టిన గుండె ఆయనది. కానీ పసుపు కుంకుమ ముందు ఆ గుండె జారిపోయింది. ఎంత భక్తిపరుడు!

"నరసక్కా, నీ చేత్తో నువ్వే తీసియ్యి. నీకు దోషం లేదు. తలుపు రాకపోతే నీ మొగునికి పని ఉండదు, ఆలోచించుకో" అన్నాడు.

నరసక్క మొగుడి వైపు చూసింది. పని పోతే మళ్ళీ కూటికి కరువేనని ఇద్దరికీ తెలుసు. బొమ్మన్నకు నిజంగానే భయమేసింది. ఆమె చేతిలో నీళ్ళ బకెట్టు ఉంది. బోరింగు దగ్గర గంటసేపు నిలబడి కొట్టుకొచ్చిన నీళ్ళవి.

"నీళ్ళు పోసుకోని వచ్చి చెప్తా, సావుకారప్పా" అని లోపలికి వెళ్ళింది. గడియ పడింది.

చూశారా తలుపు చేసే అనర్థం? ఒక్క గడియతో ఒక ఉద్యోగి వీధిన పడ్డాడు! అందుకే మొదట్నుంచీ మొత్తుకుంటున్నది.

అనంతరాము బండి చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. బొమ్మన్న గడారి కింద పెట్టి, లోపల చెంబు చప్పుడు వింటూ నిలబడ్డాడు. పీకమంటే ఇప్పుడు తన వల్ల కాదని అతనికి తెలిసిపోయింది. ఇంతలో వెనక అలికిడైంది. తిరిగి చూస్తే, వాకిళ్ళకు గోనెసంచులు వేలాడేసుకున్న పదకొండు ఇళ్ళ ఆడవాళ్ళూ బకెట్లు పట్టుకుని వరసగా నిలబడి ఉన్నారు.

ముందున్న ఓబక్క తలుపు దగ్గరికి వచ్చి మెల్లగా అంది.

"బిరీన రావద్దు నరసక్కా. నిదానంగా పోసుకో. నీ తర్వాత నేను పోసుకుంటా."