ఏ కాలితో కుంటాలి?

అయినా ప్రేమ వేరు, బాధ్యత వేరు. తాను చేస్తున్నది రెండోదేనని, ట్రాలీ ఆటో వెనక పొట్టేలు పక్కన కూర్చుని దాని మెడ చుట్టూ చెయ్యి వేసుకున్న ఇస్మాయిల్ ఆ ఉదయం అయిదోసారి అనుకున్నాడు. చెయ్యి వేసింది మలుపుల్లో అది తూలి పడకుండా. నుదురు నిమురుతున్నది దాని భయం పోవడానికి. పొట్టేలుకు భయమేమీ ఉన్నట్టు లేదు. రెప్పలు సగం వాల్చి, కర్నూలు ఊరంతా తన కోసమే వెనక్కి జరుగుతోందన్నట్టు చూస్తోంది.

ఆ రోజు పథకం చాలా మామూలుది. ఏడింటికి నంద్యాల రోడ్డులో కొత్తగా పెట్టిన జంతువుల ఫిజియోథెరపీ కేంద్రం, తొమ్మిదింటికి ఇల్లు, పదింటికి ఇంటి ముందరే ఉన్న తన పరుపుల అంగడి. నెల రోజులు ఇలా తిప్పితే కాలు బాగవుతుంది. ఆ తర్వాత పది రోజులకు బక్రీదు. ఈ ఏడు కుర్బానీ అమ్మ బషీరాబీ పేరున. పొట్టేలును కొన్నది మైదుకూరులో వ్యాపారం చేసుకునే అన్న సర్ఫరాజ్. సాకే పని తమ్ముడిది. తెచ్చిన రోజే అది బండి మీంచి దూకి వెనక ఎడమ కాలు మెలిపెట్టుకుంది. ఎముక విరగలేదు గానీ, మూడు నెలలుగా ఆ కాలు నేలకు మోపకపోవడంతో తొడ కండ కరిగిపోయింది. కుంటే జీవం కుర్బానీకి పనికిరాదు. కాబట్టి కాలు బాగుచేయించాలి. ఈ ఆలోచనలో వంక పెట్టడానికి ఎక్కడా సందు లేదు. వంక లేని ఆలోచనలంటే ఇస్మాయిల్‌కు మొదటినుంచీ కొంచెం అనుమానం.

కేంద్రంలో అప్పటికే రెండు లాబ్రడార్లు, ఒక పామరేనియన్, బుట్టలో ఒక ముసలి పిల్లి వరసలో ఉన్నాయి. పొట్టేలు లోపలికి రాగానే వాటి యజమానులు కాళ్ళు ముడుచుకున్నారు. డాక్టర్ జీవిత మాత్రం మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లతో ఎదురొచ్చి దాని చెవి వెనక గోకింది.

"పేరేంటి సార్?" అంది కాగితం తీసుకుని.

"ఇస్మాయిల్."

"మీది కాదు, దీనిది."

ఇస్మాయిల్ తడబడ్డాడు. "పొట్టేలే మేడమ్."

జీవిత అదే రాసుకుంది. "ఎప్పటికల్లా బాగా నడవాల?"

"వచ్చే నెల మొదట్లో."

"ఏముంది అప్పుడు?"

ఆమె వేళ్ళు ఇంకా పొట్టేలు చెవి మీదే ఉన్నాయి. అది కళ్ళు మూసుకుని తల ఆమె మోకాలికి ఆనించింది. సరిగ్గా ఆ క్షణంలో నిజం చెప్పడానికి మనిషికి ఎంత గుండె కావాలో ఇస్మాయిల్ లెక్క వేసుకున్నాడు. అంత తన దగ్గర లేదు.

"ఇంట్లో ఫంక్షన్ మేడమ్."

జీవిత కళ్ళు చెమర్చాయి. "ఫంక్షన్లో ఇది కుంటకుండా నడవాలనా! మీలాంటోళ్ళు ఉండారు కాబట్టే సార్, నేను బెంగళూరు వదిలి ఈడికొచ్చింది. వారానికి రెండుసార్లు కాదు, నాలుగుసార్లు తీసుకురండి. నడిపించే పూచీ నాది."

పొట్టేలును అద్దాల తొట్టిలోకి ఎక్కించారు. అడుగున నెమ్మదిగా జరిగే రబ్బరు పట్టా ఉంది. దాని మోకాళ్ళు మునిగేదాకా గోరువెచ్చని నీళ్ళు వదిలారు. నీళ్ళలో ఒంటి బరువు తగ్గుతుంది, నొప్పి లేకుండా కాలు మోపుతుంది అని జీవిత చెప్పింది. పట్టా కదిలింది. మొదట పొట్టేలు మూడు కాళ్ళతో నడిచింది. తర్వాత, ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు మనిషి చేసే పనిలాగా, నాలుగో కాలు మెల్లగా కింద పెట్టింది. "శభాష్!" అని జీవిత క్యారెట్ ముక్క నోటికి అందించింది. అద్దానికి ముక్కు ఆనించి చూస్తున్న ఇస్మాయిల్ చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. క్లోరిన్ మంట అనుకున్నాడు.

ఇంటి దగ్గర చేయించాల్సినవి కూడా చెప్పిందామె. పక్కకు పడుకోబెట్టి కాలును సైకిల్ తొక్కినట్టు పదిహేనుసార్లు తిప్పాలి. మెత్తటి పరుపు మీద నిలబెట్టాలి, కాళ్ళు నిలదొక్కుకోవడం నేర్చుకుంటాయి. పెళ్ళిళ్ళ గిరాకీ పక్కన పెట్టి ఇస్మాయిల్ మేలురకం దూదితో నాలుగడుగుల పరుపు కుట్టాడు. అంచులకు పైపింగు కూడా వేశాడు. ఆ పైపింగు ఎందుకన్నది ఆయన తనను తాను అడగదలచుకోలేదు.

మూడో వారానికి తొడ కండ రెండు వేళ్ళ మందం పెరిగింది. జీవిత టేపుతో కొలిచినప్పుడల్లా ఇస్మాయిల్‌కు సంతోషం వేసేది. ఆ సంతోషం ఆటో ఇల్లు చేరేలోపు ఇంకేదో అయిపోయేది. కాలు అర వేలు పెరగడమంటే పండగ అర వేలు దగ్గరకు రావడం. తాను ఏది కోరుకుంటున్నాడో తేల్చుకోలేక ఆయన వ్యాయామాలు పదిహేను బదులు పద్నాలుగు చేయించడం మొదలుపెట్టాడు. రాజీ అంటే అదేననుకున్నాడు.

విచిత్రమేమంటే, కేంద్రంలో తిన్నగా నడిచే పొట్టేలు ఇంటికొస్తే కుంటుతోంది. ఈ సంగతి జీవితకు అంతుపట్టలేదు. "ఇంట్లో వీడియో తీసి తీసుకురండి" అంది. తెచ్చాడు. ఆమె దాన్ని రెండుసార్లు చూసి నవ్వింది.

"ఈ పెద్దామె ఎవరు సార్?"

"మా అమ్మ."

"ఇది ఎడమ కాలు ఎత్తినప్పుడల్లా ఆమె బెల్లం ముక్క పెడతాంది, చూడండి. దీనికి నొప్పి ఎప్పుడో పోయింది. కుంటితే బెల్లమొస్తాదని నేర్చుకునింది, అంతే. నేను తిన్నగా నడిస్తే క్యారెట్ ఇస్తా కాబట్టి ఈడ తిన్నగా నడుస్తాంది. ఇంట్లో అందరికీ చెప్పండి, కుంటితే ఏమీ పెట్టాకండని. నాలుగు రోజుల్లో మానేస్తాది."

దారంతా ఇస్మాయిల్ ఆ మాటలు నెమరేసుకున్నాడు. ఇంటికొచ్చి ఎవరికీ ఏమీ చెప్పలేదు. దొడ్లోకి వెళ్ళి అటూ ఇటూ చూసి, జేబులోంచి అరటిపండు తీశాడు. పొట్టేలు అదే ఎడమ కాలు ఎత్తబోయింది. ఉన్నట్టుండి ఆయనకు కొత్త బుద్ధి పుట్టింది. ఒక్క కాలి మీద ఆధారపడటం ప్రమాదం. వెనక కుడి కాలును మెల్లగా తట్టాడు. అది ఎత్తింది. పండు ఇచ్చాడు. తొమ్మిది పళ్ళయ్యేసరికి పొట్టేలు ఇస్మాయిల్‌ను చూడగానే కుడి కాలితో కుంటడం నేర్చుకుంది.

రెండు రోజుల తర్వాత అంగడి వెనక తలుపు సందులోంచి చూస్తే, భార్య తబస్సుమ్ దొడ్లో చేట పట్టుకుని నిలబడి ఉంది. పొట్టేలు ముందు కుడి కాలు గాల్లో పెట్టి మూలుగుతోంది.

"అయ్యో నా తండ్రీ, ఈ కాలు గూడా పాయెనా!" అంటూ ఆమె గుప్పెడు శనగలు పోసింది. "శానా బాగుండాది. ఇట్లే ఉండు. ఇంకా ఎత్తు, ఇంకా."

ఆ రాత్రి భోజనాల దగ్గర బషీరాబీయే కదిలించింది. "బెల్లం డబ్బా ఖాళీ. ఎవురు తింటాండారు?"

"నాకు షుగరు గదమ్మా," అన్నాడు ఇస్మాయిల్.

"శనగలు గూడా అయిపోయినాయి," అంది తబస్సుమ్, తన పళ్ళెంలోకే చూస్తూ. "ఎలుకలేమో అత్తా."

"అరటిపండ్లు తినే ఎలుకలు గూడా ఉండాయా ఈ ఇంట్లో? తొక్కలన్నీ దొడ్లో పడిండాయి."

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా అన్నం తిన్నారు. ఎవరి గుట్టు వాళ్ళదే. అవతలివాళ్ళు దీన్ని పండగకు సిద్ధం చేస్తున్నారని అత్తాకోడళ్ళకు గట్టి నమ్మకం; ఇద్దరి గుట్టూ తెలిసిన ఇస్మాయిల్ తనది మాత్రం బయటపెట్టలేదు.

తర్వాత మూడుసార్లు ఇస్మాయిల్ కేంద్రానికి వెళ్ళలేదు. జీవిత ఫోన్ చేస్తే ఎత్తలేదు. అన్న ఫోన్ చేస్తే మాత్రం ఎత్తక తప్పదు.

"కాలెట్లుండాది?" అని సర్ఫరాజ్ అడిగేవాడు.

"కుంటుతానే ఉండాది న్నా."

"నెల దినాల నుంచి అదే మాట చెప్తాండావు. సరే, ఆదివారం వస్తాండా."

సర్ఫరాజ్ ఎక్కువ మాట్లాడడు. తండ్రి పోయినప్పటినుంచీ ఇంట్లో ఏది ఎలా జరగాలో ఆయన చెప్పేవాడు, ఇస్మాయిల్ చేసేవాడు. నలభై ఆరేళ్ళ వయసులో ఇస్మాయిల్ అన్న మాట కాదన్న సందర్భాలు మొత్తం కలిపి సున్నా. అందుకే ఆయన ఆశంతా తన నోటి మీద కాదు, పొట్టేలు కాళ్ళ మీద పెట్టుకున్నాడు.

ఆదివారం పదింటికి సర్ఫరాజ్ వచ్చాడు. అమ్మ చేతి టీ తాగి దొడ్లోకి నడిచాడు. "ఏదీ, నడిపియ్యి, చూస్తాం."

దొడ్లో అందరూ గోడ వెంబడి నిలబడ్డారు. ఒక కొస బషీరాబీ, మధ్యలో తబస్సుమ్, ఈ కొస ఇస్మాయిల్. పొట్టేలు లేచింది. బషీరాబీని చూసి వెనక ఎడమ కాలు ఎత్తింది. పక్కన తబస్సుమ్ కనబడగానే అది దించి ముందు కుడి కాలు ఎత్తింది. ఇస్మాయిల్ కంటబడేసరికి వెనక కుడి కాలు. ముగ్గురినీ ఒక్కసారి ఎన్నడూ చూడని పొట్టేలు కాసేపు నిలబడి ఆలోచించింది. ఎవరినీ నొప్పించకూడదని నిర్ణయించుకున్నట్టుంది. మూడు కాళ్ళనూ వంతులవారీగా ఎత్తుతూ దించుతూ, తల ఊపుతూ, పొడవాటి తాడు సాగినంత మేరా దొడ్డి చుట్టూ తిరిగింది.

సర్ఫరాజ్ చాలాసేపు చూశాడు. "ఏమప్పా, ఇది కుంటుతాందా, పీర్ల పండగకు నిప్పుల గుండం చుట్టూ ఎగురుతాందా?"

"నొప్పి కాళ్ళు మార్చుకుంటాంది న్నా," అన్నాడు ఇస్మాయిల్. ఇంకా ఏదో అనబోయాడు. అప్పుడే వీధి తలుపు దగ్గర స్కూటీ ఆగింది.

"సార్! మూడుసార్లు రాలేదు మీరు. ఫంక్షన్ దగ్గర పడిందని నేనే వచ్చినా." జీవిత రబ్బరు బూట్లతోనే దొడ్లోకి వచ్చింది, చేతిలో క్యారెట్ల సంచీతో. పొట్టేలు ఆమెను చూసింది. ఎత్తిన కాలు టక్కున దించింది. నలుగురి కళ్ళముందూ, పెరేడ్‌లో కానిస్టేబుల్ లాగా నిటారుగా, నాలుగు కాళ్ళూ సమంగా వేస్తూ నడిచి వెళ్ళి ఆమె ముందు ఆగింది.

"చూసినారా!" అంది జీవిత గర్వంగా. "నూటికి నూరు. ఆ రోజుకి దీన్ని చూసి ఎవరూ కుంటిదనరు."

"ఏ రోజుకి?" అన్నాడు సర్ఫరాజ్.

"మీ ఇంట్లో ఫంక్షన్ అంట గదా సార్."

"ఫంక్షనా? బక్రీదమ్మా."

జీవిత చేతిలో క్యారెట్ ఆగిపోయింది. ఆమె ఇస్మాయిల్ వైపు చూసింది. "నేను మటన్ తింటా సార్," అంది మెల్లగా. "క్రిస్మస్‌కి మా ఇంట్లో పొట్టేలే కోస్తారు. కానీ నా పేషెంటును ఎప్పుడూ తినలా."

బషీరాబీ కొంగుతో ముక్కు తుడుచుకుంది. తబస్సుమ్ గోడకు అంటిన సున్నం గీకుతోంది. సర్ఫరాజ్ పొట్టేలు వీపు మీద ఒకసారి చెయ్యి వేసి, "బాగుండాది" అని, గుంజ దగ్గరికి వెళ్ళి తాడు విప్పి చేతికి చుట్టుకున్నాడు.

ఇస్మాయిల్ బుర్రలో మూడు ప్రసంగాలు ఒకేసారి మొదలయ్యాయి. ఒకటి శరీయత్తు గురించి, ఒకటి వైద్యం గురించి, మూడోది చిన్నప్పుడు అన్న చేసిన ఒక అన్యాయం గురించి. మూడూ మంచివే. ఒక్కటీ గొంతు దాటలేదు. ఆయన నాలుగడుగులు వేసి అన్న చేతిలోని తాడు పట్టుకుని లాగాడు. అది అంత తేలిగ్గా వచ్చేస్తుందని అనుకోలేదు. దాదాపు వెనక్కి పడ్డాడు.

"కాలు బాగుండాది న్నా," అన్నాడు. "నాకే బాగలేదు. దీన్ని ఇయ్యలేను."

తాను పెద్దగా అరిచానని ఆయనకు అప్పుడు తెలిసింది. పక్కింటి మిద్దె మీద బట్టలారేస్తున్న రామసుబ్బమ్మ గోడ మీంచి తొంగిచూసింది.

సర్ఫరాజ్ ఖాళీ అయిన చేతిని చూసుకున్నాడు. "ఇయ్యమని ఎవురడిగినారప్పా?"

"నువ్వు... తాడు విప్పినావు గదా."

"ఎండకు మాడుతాంది. నీడకు కడదామని విప్పినా. పొద్దు యాడికొచ్చిందో చూడు. జీవాన్ని సాకే పద్ధతేనా ఇది?"

"మరి కుర్బానీ?"

"కుంటుతాంది, కుంటుతాంది అని నెల దినాలుగా నువ్వే గదా చెప్తాండావు! నమ్మి నిన్న సంతలో అమ్మ పేరున ఇంకోటి కొంటి. మైదుకూరులో మా ఇంట్లో కట్టేసిండా. ఈ పొద్దు అమ్మను చూడను వచ్చినా, దీన్ని కాదు." ఆయన మళ్ళీ పొట్టేలు వైపు చూశాడు. అది ఆయన్ను ఎగాదిగా చూసి, కొత్త మనిషి కదా అని, ఇంతవరకూ వాడని ముందు ఎడమ కాలు ఎత్తింది. సర్ఫరాజ్ చెయ్యి తనకు తెలియకుండానే చొక్కా జేబులోకి వెళ్ళింది. అందులో సోంపు పొట్లం ఉంది.

"పెట్టాకండి!" అన్నారు జీవిత, తబస్సుమ్, బషీరాబీ ఒకేసారి.

ఇస్మాయిల్ ఇంకా తాడు పట్టుకునే నిలబడ్డాడు. నలభై ఆరేళ్ళుగా కూడబెట్టుకున్న ధైర్యం మొత్తం, ఒక పొట్టేలును ఎండలోంచి నీడకు మార్చే విషయంలో ఖర్చయిపోయింది. నవ్వాలో సిగ్గుపడాలో ఆయన తేల్చుకోలేకపోయాడు. తేల్చుకోనక్కరలేదని కూడా, జీవితంలో మొదటిసారి, అనిపించింది.

పొట్టేలును పరుపుల కొట్టం నీడకు నడిపించుకుపోయి గుంజకు కట్టేశాడు. ముడి మాత్రం, ఎందుకైనా మంచిదని, రెండు వేశాడు.