సైరన్ గారి వీడ్కోలు సభ

ఆ సోమవారం ఉదయం ఫిర్యాదుల గుమాస్తా పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. వేళకి ఆఫీసు చేరడం, సంతకం పెట్టడం, మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎవరు దొరికితే వాళ్ళకి నిన్నటి ఎపిసోడ్ మొత్తం వినిపించడం.

కొన్ని వారాలుగా ఆయనకి ఒక టీవీ సీరియల్ పూనింది. చిన్నప్పుడు క్లాసు పుస్తకాల మధ్య దాచుకుని చదివిన డిటెక్టివ్ కథలనే ఈ కాలానికి దించి తీశారు. గుర్రబ్బండి పోయి ట్యాక్సీ వచ్చింది, టెలిగ్రాం పోయి సెల్‌ఫోన్ వచ్చింది. హంతకులు మాత్రం పాతవాళ్ళే. అందులో డిటెక్టివ్ ఒక మనిషి చొక్కా గుండీ చూసి, వాడు పొద్దున పెళ్ళాంతో తగువు పడ్డాడో లేదో చెప్పేస్తాడు. గుమాస్తా సోఫా అంచుకి జరిగి, "ఆ గుండీ నేను ముందే కనిపెట్టాను!" అని అరుస్తాడు.

"మీ చొక్కాకి రెండు గుండీలు లేవు. అవి కూడా కనిపెట్టండి" అంటుంది ఆయన భార్య. ఆవిడ బడిలో లెక్కలు చెబుతుంది.

ఆ ఉదయం కూడా ఆయన గుమ్మంలో ఆగి, చేతులు వెనక్కి కట్టుకుని, "నువ్వివాళ బడికి తొందరగా వెళ్ళబోతున్నావు. నీ చెప్పులు వీధివైపు తిరిగి ఉన్నాయి" అన్నాడు.

"ఊడుస్తుంటే చీపురు తగిలి తిరిగాయి. ఇంక కదలండి, బస్సు పోతుంది."

గొప్పవాళ్ళని ఇంట్లో గుర్తించరని సరిపెట్టుకుని ఆయన బయల్దేరాడు.

ఆయన పనిచేసేది లిఫ్టులు బాగుచేసే కంపెనీలో. ఎవరి లిఫ్టు ఎక్కడ ఆగిపోయినా ఫోను ఆయనకే వస్తుంది. ఆ ఆఫీసు మేనేజరును వెనకాల అందరూ సైరన్ అంటారు. ఒకసారి ఆయన గొంతెత్తితే, ఎక్కడో మంటలు లేచాయనుకుని పై అంతస్తు వాళ్ళు మెట్లమీంచి దిగి వచ్చేశారు.

ఫైలు పట్టుకుని గదిలోకి వెళ్ళిన గుమాస్తాకి మొదట కనిపించింది గోడ. మేనేజరు ఫోటో ఉండే చోట తెల్లటి చదరం మిగిలింది. బల్ల కింద పెద్ద ఖాళీ అట్టపెట్టె. మేనేజరు ఫోన్లో గుసగుసలాడుతున్నాడు. సైరన్ గుసగుసలాడడం!

"బాధ ఉంటుందనుకోండి... కానీ ఎన్నాళ్ళని భరించను? ఇంక వదిలించుకోవడమే. ఇక్కడ ఎవరికీ చెప్పలేదు."

ఆసుపత్రి లిఫ్టు మళ్ళీ ఆగిపోయిందని చెప్పినా మేనేజరు అరవలేదు. తల ఊపి ఊరుకున్నాడు. గుమాస్తాకి ఒళ్ళు పులకరించింది.

తిన్నగా రిసెప్షన్ అక్క దగ్గరికి వెళ్ళాడు. "అక్కా, ఎవరికీ చెప్పకు. సార్ బదిలీ మీద వెళ్ళిపోతున్నారు."

"నిజమా తమ్ముడూ! నేనెవరికి చెబుతాను?" అంటూనే ఆవిడ ఫోను తీసింది.

టీ వేళకి విషయం హెడ్ మెకానిక్కు దాకా పాకింది. మేనేజరు కదిలితే ఆ కుర్చీ ఆయనదే. "నీ నోట్లో చక్కెర పొయ్య! ఎలా కనిపెట్టావు?" అని గుమాస్తాని కావలించుకున్నాడు. గుమాస్తా తెల్ల చదరం దగ్గర మొదలుపెట్టి తీరిగ్గా వివరించాడు. ఆయన మాట్లాడుతుండగా ఎవరూ మధ్యలో లేచి వెళ్ళకపోవడం ఆ ఆఫీసులో అదే మొదటిసారి.

అయితే కబురు వెనకగది మెకానిక్కుల దగ్గరికి చేరేసరికి బదిలీ కాస్తా జబ్బు అయింది. పాపం, వాళ్ళలో ఇద్దరు పళ్ళు కొనుక్కుని మేనేజరు గదికి వెళ్ళారు.

"ధైర్యంగా ఉండండి సార్" అన్నాడొకడు.

మేనేజరు ఉలిక్కిపడి దవడ పట్టుకున్నాడు. "అంతలా తెలిసిపోతోందా?"

"మొహం చూస్తేనే తెలుస్తోంది సార్."

"రేపు తీసేస్తారట. మొదలంటా పాడైపోయిందన్నారు."

ఏం తీసేస్తారో అడిగే గుండె ఇద్దరికీ లేకపోయింది. కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చారు.

అప్పటికే హెడ్ మెకానిక్కు కేకు తెప్పించాడు, పూలగుత్తి తెప్పించాడు. సాయంత్రం మేనేజరును హాల్లోకి పిలుచుకొచ్చి కూర్చోబెట్టారు. వెళ్ళిపోయే మనిషిని పొగడడానికి ఎవరికి మాత్రం నోరు రాదు? "సార్ గొంతు వినపడకపోతే నాకు పొద్దుపోదు" అంది రిసెప్షన్ అక్క. "తండ్రిలాంటివారు, తిట్టినా మన మంచికే" అన్నాడు హెడ్ మెకానిక్కు. పళ్ళు తెచ్చిన ఇద్దరూ వెక్కివెక్కి ఏడ్చారు.

మేనేజరు చేతిలో పెట్టిన పూలగుత్తిని బల్ల మీదికి దించాడు. "నేను వెళ్తున్నానని ఎవరు చెప్పారు?"

అందరూ గుమాస్తా వైపు తిరిగారు. ఆయన గొంతు సవరించుకుని ముందుకొచ్చాడు. టీవీలో అయితే ఇక్కడే సంగీతం వస్తుంది. గోడ మీద చదరం, అట్టపెట్టె, గుసగుసలు, అన్నీ ఒక్కొక్కటే వేళ్ళ మీద చెప్పి, "కాబట్టి ఇది బదిలీయే" అని చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"ఫోటో కిందపడి అద్దం పగిలితే బాగుకిచ్చాను" అన్నాడు మేనేజరు. "మా మేడ మీద పిల్లి ఈనింది. పెట్టె పిల్లల కోసం. ఫోన్లో మాట్లాడింది పళ్ళ డాక్టరుతో."

హెడ్ మెకానిక్కు చేతిలో కేకు కోసే కత్తి ఉందని గుమాస్తా అప్పుడే గమనించాడు.

"కానీ బదిలీ మాట నిజమే" అన్నాడు మేనేజరు. "నేనే అడిగి వేయించుకున్నాను. ఈ ఆఫీసులో నేనంటే ఎవరికీ పడదని... ఒక్కరైనా టీకి పిలవరని... మా ఆవిడ దగ్గర చెప్పుకుని బాధపడ్డాను కూడా. మీ మనసుల్లో ఇంత ప్రేమ ఉందని నాకేం తెలుసు?"

అక్కడికక్కడే ఫోను తీసి పెద్దాఫీసుకు చేశాడు. "బదిలీ వద్దండీ. రద్దు చెయ్యండి. వీళ్ళు నన్ను వదలట్లేదు!" సంతోషంలో పంటినొప్పి మరిచి గొంతెత్తాడేమో, పై అంతస్తు వాళ్ళు మెట్లమీంచి దిగి వచ్చారు. వాళ్ళకీ తలో కేకు ముక్క పెట్టాల్సి వచ్చింది. హెడ్ మెకానిక్కు తన ముక్క ముట్టుకోలేదు. గుమాస్తా వైపు చూసిన చూపుకి చేతిలో కత్తి అక్కర్లేదు.

ఇంటికొచ్చి జరిగిందంతా చెబితే భార్య నవ్వలేక కుర్చీలో కూలబడింది. "దారి మొత్తం తప్పయినా జవాబు మాత్రం సరిగ్గా వచ్చింది. మా క్లాసులో అయితే సున్నా వేస్తాను."

"ఆఫీసులో కూడా అదే వేశారు" అన్నాడాయన.

ఒక్క మేనేజరు మాత్రం వెయ్యలేదు. తన మనసు చదివిన ఏకైక మనిషి అని గుమాస్తా భుజం మీద చెయ్యి వేసి తిరగడం మొదలుపెట్టాడు. ఆ సీరియల్ సంగతి విని, తనకీ ఆ కథలంటే ప్రాణమేనంటూ, ఆదివారం సాయంత్రం భార్యతో సహా గుమాస్తా ఇంటికే వచ్చి, సోఫాలో గుమాస్తా చోట్లోనే కూర్చున్నాడు.

ఎపిసోడ్ మొదట్లో పేర్లు పడుతుండగానే హంతకుడెవరో చెప్పేశాడు.