మెడ కోయించుకోండి, సుఖపడండి!

బాగా ఆలోచించే చెబుతున్నాను. మెడలో డిస్కు కొంచెం జారిందని తెలిసిన మరుక్షణం ఆపరేషన్ చేయించుకోవాలి. నొప్పి ముదిరేదాకా, చెయ్యి పడిపోయేదాకా ఎదురుచూసేవాళ్ళు వట్టి అమాయకులు. మీకు నొప్పి తక్కువగా ఉందా? మరీ మంచిది. ఒంట్లో ఓపిక ఉండగానే కోయించేసుకోవచ్చు!

ఈ మాటకు కొందరు డాక్టర్లు నా మీద విరుచుకుపడతారని తెలుసు. లక్షణాలు స్వల్పంగా ఉన్నప్పుడు కోత అక్కర్లేదట. బరువులు మానేసి, వ్యాయామం చేస్తూ, కొన్నాళ్ళు కనిపెట్టి చూడాలట. వినడానికి బాగానే ఉంది. కానీ 'బరువులు మానేసి' అన్నచోటే వాళ్ళకు లోకజ్ఞానం లేదని తేలిపోతుంది. బరువు మానేయడం మోసేవాళ్ళ చేతిలో ఉంటుందని వీళ్ళకు ఎవరు చెప్పారు?

ఇంతకూ నాకున్న అర్హత ఏమిటంటారా? హోసూరు బస్టాండు దగ్గర చాలా ఏళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపాను. కంప్యూటర్లు వచ్చి అది మూతపడ్డాక నాకు ఒకటే ఉద్యోగం మిగిలింది. బంధువుల స్కాన్ కవర్లు చంకన పెట్టుకుని బెంగళూరు బస్సెక్కడం! తెలుగు, తమిళం, కన్నడం, కాస్త ఇంగ్లీషు వచ్చినవాడు కుటుంబంలో ఒకడుంటే చాలు, వాడి జీవితమంతా ఆస్పత్రి బెంచీల మీదే గడిచిపోతుంది. ఆ బెంచీల మీద నేను నేర్చుకున్న వైద్యం ఏ మెడికల్ కాలేజీలోనూ చెప్పరు.

ముందుగా మెడనొప్పికి ఉన్న గౌరవం గురించి చెప్పాలి. మా పక్క వాటాలో ఆదిశేషయ్యగారని ఉండేవారు. ఆంధ్రా నుంచి వచ్చి సిప్‌కాట్ పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేరారు. 2001లో ఆయనకు మెడ పట్టేసింది. డాక్టరు 'మైల్డ్' అని చెప్పి మెడకు ఒక తెల్ల కాలరు పెట్టించాడు.

అంతే, ఆయన దశ తిరిగింది! ఆఫీసులో కిటికీ పక్కకు కుర్చీ మార్చారు. తల వంచకుండా చూసుకోవడానికి కంప్యూటరు కింద లావుపాటి పుస్తకాలు పెట్టి ఎత్తు చేశారు. ఇంట్లో తాయారమ్మగారు మొగుణ్ణి చెంబు కూడా ఎత్తనివ్వలేదు. టౌన్ బస్సులో కాలేజీ పిల్లలు లేచి సీటిచ్చారు. ఎవరు పలకరించినా మెడ తిప్పలేక నిలువునా తిరిగేవారేమో, చూసేవాళ్ళకు ఎవరో కలెక్టరు అనిపించేది. నొప్పి పోయాక కూడా ఆయన చాలా రోజులు కాలరు తీయలేదు. ఎందుకు తీస్తారు చెప్పండి?

కాబట్టి మెడనొప్పి శాపమన్నది తెలివితక్కువ మాట. అది వరం. కాకపోతే ఆ వరం ఎవరి మెడకు వచ్చిందన్నది మాత్రం కొంచెం చూసుకోవాలి.

అక్కడే మా కెంపమ్మక్క పొరపాటు చేసింది.

కెంపమ్మక్క మా పెదనాన్న కూతురు. కెలమంగలం దగ్గర ఒక పల్లెలో ఇచ్చారు. బావ బైరప్పది తాతల నాటి సేద్యం. బావి కింద మల్బరీ తోట, ఇంటి వెనక పట్టుపురుగుల షెడ్డు. పురుగులు చివరి దశకు వచ్చాయంటే వాటి ఆకలికి అంతుండదు. తోట నుంచి షెడ్డుకు పొద్దున్నుంచి చీకటి పడేదాకా ఆకు మూటలు వస్తూనే ఉండాలి. అవి అక్క తల మీద వస్తాయి. పెళ్ళైన ఏడాది నుంచీ అలాగే వస్తున్నాయి.

2003లో అక్క కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కడం మొదలైంది. మెడలోంచి భుజం మీదుగా జివ్వున ఏదో దిగేదట. అయినా వంట ఆగలేదు, పేడ ఎత్తడం ఆగలేదు, ఆకు ఆగలేదు. ఇక ఇంట్లో వాళ్ళకు తెలిసేదెలా? ఒకరోజు పురుగులకు ఆకు వేస్తూ, వేళ్ళకు స్పర్శ తెలియక కొన్ని పురుగుల్ని నలిపేసింది. అప్పుడు తెలిసింది! బావ ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేశాడు.

"ఏమప్పా బామ్మర్దీ, మీ అక్క చెయ్యి సరిగా లేదు. పురుగుల్ని నలిపేస్తా ఉంది. బెంగళూరులో యాడైనా చూపించల్ల."

బావను తప్పుగా అనుకోకండి. ఆయనది వెన్నలాంటి మనసు. పట్టుపురుగు పొర విడిచే ముందు మేత మాని కదలకుండా పడుకుంటుంది. మా వైపు దాన్ని పురుగుకు జ్వరం వచ్చిందంటారు. ఆ జ్వరం రోజున బావ షెడ్డు దగ్గర గట్టిగా దగ్గడు. బీడీ కాల్చాలంటే రోడ్డు మీదికి పోతాడు. తలుపు చప్పుడైతే కన్నకొడుకునైనా కసురుతాడు. పడుకున్న పురుగుకు రెస్టు ఇవ్వాలని ఆయనకు వాళ్ళ నాన్న చిన్నప్పుడే నేర్పించాడు. పెళ్ళాం విషయంలో వాళ్ళ నాన్న ఏమీ నేర్పలేదు. ఆయనేం చేస్తాడు పాపం!

బెంగళూరులో మొదటి డాక్టరు పెద్దాయన. స్కాన్ చూశాడు. అక్క చేతులు పట్టుకుని బలం చూశాడు, చిన్న సుత్తితో మోచేతి దగ్గర తట్టాడు, నడిపించి చూశాడు. ఒక డిస్కు కొద్దిగా జరిగి నరాన్ని తాకుతోందనీ, చేతిలో బలం తగ్గలేదు కాబట్టి ఇప్పుడు ఆపరేషన్ అవసరం లేదనీ చెప్పాడు. తల మీద బరువు పూర్తిగా మానేయాలన్నాడు. కొన్ని వ్యాయామాలు చూపించాడు. చేతిలో పట్టు తగ్గినా, నడక తూలినా ఆలస్యం చేయకుండా రమ్మన్నాడు. నేను అంతా తెలుగులో చెప్పాను.

బావ ముఖం మీరు చూడాల్సింది!

"ఇదేనా వైద్యం? మూట మోయద్దని చెప్పేదానికి ఇంత చదువు కావల్నా? చేతకాకుంటే చేతకాదని చెప్పల్ల," అని బస్సు హోసూరు చేరేదాకా ఆయన్ను తిడుతూనే ఉన్నాడు.

అక్క కొడుకు శశికుమార్ హోసూరులోనే మెషిన్ ఆపరేటరు. ఐటీఐ చదివినవాడు, నాన్నలా నోరు పారేసుకోడు. "సెకండ్ ఒపీనియన్ తీసుకుందాం మామా. అమ్మ విషయంలో రిస్కు వద్దు," అన్నాడు. తల్లి మీద ప్రేమంటే అలా ఉండాలి. ఆ సాయంత్రం కూడా ఆకు మూట దించడానికి అతను పీట మీంచి లేవలేదు గానీ, రిస్కు మాత్రం వద్దన్నాడు.

రెండో డాక్టరు కుర్రవాడు. బల్ల మీద ప్లాస్టిక్ మెడ పెట్టుకుని చక్కగా వివరించాడు. ఇప్పుడే చేయాలనేమీ లేదు, కావాలంటే చేయవచ్చు. గొంతు వైపు నుంచి కోసి, డిస్కు తీసేసి, ప్లేటు పెట్టి స్క్రూలు బిగిస్తారు. తర్వాత మూడు నెలలు ఏ బరువూ ఎత్తకూడదు. బావ నా చేత ఒక్క ప్రశ్నే అడిగించాడు. ఆ మూడు నెలల తర్వాత మూట ఎత్తవచ్చా? డాక్టరు "అప్పుడు చూద్దాం" అన్నాడు. బావకు ఆ మాత్రం చాలు.

చూశారా మన న్యాయం! బరువు దించమన్నవాడు చేతకాని డాక్టరు. మెడ కోస్తానన్నవాడు మంచి డాక్టరు. ఆపరేషన్‌కు ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నారు. ముహూర్తం కూడా కుదిరింది. షెడ్డులో ఉన్న పంటా, తర్వాతి పంటా పట్టుగూళ్ళు కట్టి మార్కెట్టుకు పోయాక, ఖాళీగా ఉంటుంది కాబట్టి, అప్పుడు. ఒక మనిషి మెడ ఎప్పుడు కోయాలో పట్టుపురుగులు నిర్ణయించడం వైద్యశాస్త్రంలో నాకు తెలిసి ఇదే మొదటిసారి.

సలహాలకు కొదవ లేదు. పక్కింటి తిమ్మక్క అంచెట్టి అడవుల్లో పసరు కట్టే మనిషి ఉన్నాడంది. బాగలూరులో ఎవరికో ఇదే ఆపరేషన్ జరిగి గొంతు పోయిందని ఒకరన్నారు. చేయించుకోక కాళ్ళూ చేతులూ పడిపోయినవాణ్ణి కళ్ళారా చూశామని ఇంకొకరన్నారు. టీ అంగడిలో స్కాన్ ఫిల్మును ఎండకు ఎత్తిపట్టుకుని ఎముకలు లెక్కపెట్టారు. ఒకాయన దాన్ని తలకిందులుగా పట్టుకుని మరీ రోగం కనిపెట్టాడు! అందరూ మెడ గురించి మాట్లాడారు. మూట గురించి ఒక్కరూ మాట్లాడలేదు.

నేనే ఒకసారి నోరు జారాను. ఇంట్లో మోపెడ్ ఉంది కదా, ఆకు దాని మీద తేవచ్చు కదా అన్నాను. బావ నన్ను జాలిగా చూశాడు.

"నీకు తెలీదప్పా. బండి మీద తెస్తే ఆకు ఉడికిపోతాది. తల మీద తెస్తేనే చల్లగా వస్తాది. పురుగులంటే శానా సున్నితం."

అదీ సంగతి. ఎరువు మూట మోపెడ్ మీద వస్తుంది. గ్యాస్ సిలిండరు వస్తుంది. బావ వస్తాడు. ఆకు ఒక్కటే రాదు. ఆకుకు ఆడమనిషి తల మీదే చల్లగా ఉంటుంది!

కానీ ఆపరేషన్ అంటే మాటలా? మూడు నెలలు మూట ఎవరు మోయాలన్న ప్రశ్న వచ్చింది. కూలి ఆడవాళ్ళంతా పూలతోటలకు పోతున్నారు, పిలిచినా రారు. చివరికి బావే హోసూరు వెళ్ళి, ఒక ఇనప స్టాండు చేయించుకొచ్చి మోపెడ్ వెనక బిగించాడు. తడి గోనె పరిచి, ఆకు పెట్టి, పైన ఇంకో తడి గోనె కప్పాడు. అలవాటు కావాలని ఆపరేషన్‌కు చాలా ముందే, ఆ పంటకే మొదలుపెట్టారు. మీరు నమ్మరు, ఆకు ఉడకలేదు! పురుగులు తేడా కనిపెట్టనే లేదు. తోటలోంచి షెడ్డుకు మూట ఇంత తొందరగా వస్తుందని ఆ ఇంట్లో అప్పుడే తెలిసింది.

ఆ పంటా, తర్వాతి పంటా అక్క తల మీద బరువు లేదు. పెద్ద డాక్టరు చెప్పిన వ్యాయామాలు గోడకు ఆనుకుని చేసుకుంది. తిమ్మిరి మెల్లగా తగ్గింది. రాత్రి నిద్ర పట్టసాగింది. అక్క ముఖంలో ఒక తేటదనం వచ్చింది. అంత తెరిపిగా ఆమెను నేను పెళ్ళికి ముందు చూశాను, మళ్ళీ అప్పుడే చూశాను. ఆపరేషన్‌కని తీసుకెళ్తే ఆ కుర్ర డాక్టరే చేతులు పరీక్షించి, చాలా నయమైంది, ఇక కోత అవసరం లేదు, ఇలాగే జాగ్రత్తగా ఉండండి అని పంపేశాడు. మంచివాడే, ఊరికే అనకూడదు.

ఇంట్లో కోడి కోశారు. బంధువులకు చెప్పుకున్నారు. కెంపమ్మకు బాగైపోయింది!

బాగైపోయింది కాబట్టి తర్వాతి పంటకు మూట మళ్ళీ అక్క తల మీదికెక్కింది. మోపెడ్ స్టాండు విప్పేశారు. అదుంటే వెనక ఇంకొకరు కూర్చోవడానికి ఇబ్బందిగా ఉందట.

నాకు కడుపు మండిపోయింది. బావను అడిగాను కూడా. ఆయనకు నా కోపమే అర్థం కాలేదు.

"బాగైంది కదప్పా! డాక్టరే చెప్పినాడు కదా ఏమీ లేదని. బాగున్న మనిషి మూట ఎత్తకుంటే ఊర్లో ఏమనుకుంటారు?"

ఇప్పుడైనా నా సిద్ధాంతం మీకు బోధపడిందా? తిమ్మిరి ఎవరికి కనబడుతుంది? స్కాన్‌లో నరం నలిగినట్టు ఉంటే దాన్ని చదివేదెవరు? ఆదిశేషయ్యగారికి కాలరు చాలు, ఆయన చేసేది కుర్చీ ఉద్యోగం, పైగా మగాడు. పల్లెలో ఆడమనిషి కాలరు పెట్టుకుని పేడ ఎత్తితే నవ్వుతారు. ఆమెకు నొప్పి తక్కువగా ఉంటే పని చేయాలి. నొప్పి తగ్గితే ఇంకా చేయాలి. గొంతు మీద కుట్లు కనబడితే మాత్రం ఇల్లంతా కాసేపు ఆగుతుంది. అందుకే అంటున్నాను, స్వల్ప లక్షణాలకే ఆపరేషన్! డిస్కు కోసం కాదు.

ఇది నా బుర్రలో పుట్టిన సిద్ధాంతం అనుకుంటున్నారేమో. కాదు. పోయిన వారం కెలమంగలం వెళ్ళాను. అక్క తోటలో ఆకు కోస్తూ, మధ్యమధ్యలో కుడిచెయ్యి విదిలించుకుంటోంది. నన్ను చూసి గట్టు మీదికి వచ్చి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని అడిగింది.

"ఆ రెండో డాక్టరు ఇంకా ఆడనే ఉండాడాప్పా? నన్ను పిలుచుకుని పో. కోయించుకుంటాను."

"నీకు కోత అక్కర్లేదని ఆయనే చెప్పినాడు కదక్కా."

"నాకు తెల్దా? నొప్పికి కాదప్పా. కోసినాక మూన్నెళ్ళు ఎత్తకూడదన్నాడే, దానికి."

అక్క మూట తల మీదికి ఎత్తించుకోవడానికి వంగింది. నేనే ఎత్తాను, నా చేతులతోనే. లేచి నిలబడ్డాక, మెడ కదలకుండా కళ్ళు మాత్రం నా వైపు తిప్పి ఇంకొకటి అడిగింది. సర్జన్లు ఎవరైనా ఈ కాలమ్ చదువుతుంటే దయచేసి జవాబు రాయండి, నాకు తెలియదు.

"ఆ స్క్రూలు ఎప్పుడన్నా లూజైతే, మళ్ళీ కోసి ఇంకో మూన్నెళ్ళు ఇస్తారాప్పా?"