పక్కింటి గదికి నాలుగు చక్రాలు

చక్రాలున్నది కదులుతుందని లోకంలో ఒక నమ్మకం. బడిలో సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి. ఏ నమ్మకాన్నీ పరీక్షించకుండా గడప దాటనివ్వను. దీన్నీ పరీక్షించాను. ఆ ఫలితం చెప్పేముందు పాఠకులకు ఒక సత్యం మనవి చేసుకోవాలి: అనుమతి అక్కర్లేని కట్టడం మానవజాతికి దక్కిన మహావరం!

మా వీధిది పాతకాలపు అందమట. అది చెడకూడదని మునిసిపాలిటీ వారు ప్రత్యేకమైన ఆంక్షలు విధించారు. గోడకు కొత్త కిటికీ పెట్టాలన్నా, అరుగు జానెడు పెంచాలన్నా అనుమతి కావాలి. పునాది లేకుండా చక్రాల మీద నిలిచేది మాత్రం కట్టడం కాదు, వాహనం. దాని జోలికి ఎవరూ రారు.

ఈ రెండు నిబంధనల మధ్యనున్న సందులో మా పక్కింటి డ్రైవింగ్ స్కూలు యజమాని తన అత్తగారికి ఒక పొడవాటి గది కట్టించాడు. నాలుగు లారీ చక్రాలు, వాటి మీద ఇనుప చట్రం, ఆపైన గోడలు, రేకుల కప్పు, పూలకుండీలతో సహా బాల్కనీ! ఏ వాహనానికుంది ఆ భాగ్యం?

అది మా హాలుకున్న రెండు కిటికీల్లో ఒకదానికి సరిగ్గా అడ్డం నిలిచింది. లాభాలు గమనించండి. ఎండకు సోఫా గుడ్డ వెలిసిపోయే బెంగ తీరింది. కర్టెన్లు ఉతికే పని తప్పింది. అత్తగారు పెట్టే సౌండుకు సీరియళ్ల కథ గోడలోంచే వినబడుతోంది గనక మా టీవీకి విశ్రాంతి దొరికింది. పొద్దెక్కిందో వాలిందో తెలియదు కాబట్టి వయసూ మీదపడటం లేదు!

నష్టమల్లా ఒక్కటే. మా ఆవిడ కుట్టుమిషను ఉండేది ఆ కిటికీ దగ్గర. దాన్ని రెండో కిటికీ దగ్గరికి జరుపుకుంటూ, "ఈ వెలుతురు కూడా పోయిందంటే సూదిలో దారం ఎక్కించడం నావల్ల కాదు. చూసుకోండి మరి" అంది.

కేవలం విజ్ఞానతృష్ణ కొద్దీ నేను మునిసిపాలిటీలో ఫిర్యాదు చేశాను. ఇన్‌స్పెక్టరు గారు వచ్చి పరీక్ష నిర్ణయించారు: నెడితే కదిలిందా, వాహనం; కదల్లేదా, కట్టడం, కూల్చాల్సిందే. ఇంతకన్నా హేతుబద్ధమైన తీర్పు ఎక్కడైనా విన్నారా?

వీధి వీధంతా వచ్చింది. అత్తగారిని దిగమంటే దిగలేదు. "వాహనమన్నాక మనుషులు ఎక్కరా ఏంటి? మీరు కానివ్వండి" అని టీ గ్లాసుతో కిటికీ దగ్గర కూర్చుంది. అల్లుడూ, అతని బావమరుదులూ, డ్రైవింగ్ నేర్చుకునే వాళ్లూ కలిసి నెట్టారు. గేరులో ఉందేమో చూసుకోమని గుంపులోంచి ఎవరో సలహా పడేశారు. ఒక పూలకుండీ రాలింది గాని గది ఇసుమంత కూడా జరగలేదు. ఇన్‌స్పెక్టరు గారు కూల్చివేతకు పెన్ను తీశారు. మా ఆవిడ ముఖం వెలిగిపోయింది.

సరిగ్గా అప్పుడే నాకు ముందు చక్రం కింద ఇటుక కనిపించింది.

మీరే చెప్పండి, చక్రానికి అడ్డుపెట్టి కదలడం లేదని తేల్చడం శాస్త్రమా? పిల్లల ప్రయోగాల్లో ఇలాంటి లోపాలు పట్టీ పట్టీ ఆరితేరిన నోరు ఊరుకుంటుందా? "అయ్యా, చక్రం కింద ఇటుకుంది. ఈ పరీక్ష చెల్లదు" అన్నాను.

మా ఆవిడ నావైపు చూసింది.

"చూశావా అల్లుడూ," అంది అత్తగారు, "మాష్టారిది ఎంత మంచి మనసో! నువ్వే ఊరికే ఆడిపోసుకుంటావు."

ఇటుక తీశారు. అక్కడ నేల మా రెండో కిటికీ వైపు వాలుగా ఉంది. గది కదిలింది. దాని వెనక కొస మొదటి కిటికీని వదల్లేదు. ముందు కొస రెండో కిటికీని కప్పింది. అది వాహనమేనని ఇన్‌స్పెక్టరు గారు తేల్చారు. ఇటుక మళ్లీ పెట్టారు.

మూడో కిటికీ పెట్టుకోవడానికి మేము అడిగిన అనుమతి రాలేదు.

నిన్న మిట్టమధ్యాహ్నం మా ఆవిడ మిషను సూదిలో దారం ఎక్కించింది. నేను టార్చిలైటు పట్టుకున్నాను.