కాగితం పత్తిపువ్వు

"గల్ఫ్ కార్మికుల అర్జీల్లో ఒక్క కాగితమూ వృథా కానివ్వను" అని మంత్రిగారు సౌదీలోని హుఫూఫ్‌లో దిగీ దిగగానే ప్రకటించారు. అంతటితో ఆగారా! పొద్దున సభలో నలభై అర్జీలు స్వహస్తాలతో అందుకున్నారు. ఎవరేమిచ్చినా చూడకుండా తీసుకుని, అంతే వేగంగా వెనక్కి అందించడం ఇరవై ఏళ్ల ప్రజాసేవలో ఆయనకు అబ్బిన విద్య. అందుకోవడానికి వెనక పీఏ ఉదయకిరణ్ ఎప్పుడూ ఉంటాడు.

ఆ నలభైలో ఒకటి లింబాద్రిది. ఊళ్లో భార్య ముత్యవ్వకు ఆపరేషన్. పనిలో పెట్టుకున్న కఫీల్ రెండేళ్లుగా, దేశం దాటనిచ్చే ఎగ్జిట్ కాగితం మీద సంతకం పెట్టడం లేదు. చెడ్డవాడేం కాదు, పూలంటే ప్రాణం, అంతే. నూరేళ్ల కిందట బడిపిల్లలకు విప్పి చూపించడానికి కాగితం గుజ్జుతో చేసిన పెద్ద పెద్ద పూలబొమ్మలు ఆయనకు హాలు నిండా ఉన్నాయి. వాటిని అతికి, రంగులద్దే చెయ్యి లింబాద్రిది. అతను వెళ్లిపోతే పూల గతేం కాను?

మధ్యాహ్నం మంత్రిగారు ఆ హాలుకే విచ్చేశారు. కఫీల్ భోజనాల ఏర్పాట్లలో ఉన్నాడు. గుమ్మడికాయంత పత్తిపువ్వును చూపిద్దామని లింబాద్రి రెండు చేతులా పట్టుకొస్తే, మంత్రిగారు బొకే అనుకుని అందుకున్నారు. వెనక్కి అందించి భోజనానికి వెళ్లిపోయారు. ఉదయకిరణ్ ఫోన్లో ఉన్నాడు. పువ్వు కిందపడి రెండు రెక్కలు ముక్కలయ్యాయి.

"మీ కఫీల్ చూస్తే పెద్ద ఇష్యూ అయిపోతుంది! లంచ్ అయ్యేలోపు ఫోటోకి రెడీ చెయ్యి" అన్నాడు ఉదయకిరణ్.

"కఫీల్ సూస్తె నన్ను జన్మల ఇడ్వడు సార్. పాత కాయితాలుంటె ఇయ్యుండ్రి, నానబెట్టి అతుకుత. గీ ఎండకు గంటల ఆరుతది."

"పేపర్సేగా? కార్లో బోలెడున్నాయి."

ఉదయకిరణ్ తెచ్చిన కట్ట విప్పి లింబాద్రి చింపసాగాడు. పాస్‌పోర్టు పోయిన మేస్త్రీ. తమ్ముడి శవం కోసం ఎదురుచూస్తున్న అన్న. అట్టడుగున తన చేతిరాతే. లింబాద్రికి ఏడుపొచ్చింది. కానీ రెండో రెక్క ఇంకా సగమే అయింది. దాన్నీ చింపి నీళ్లలో వేశాడు.

మంత్రిగారు మండీ తిని, త్రేన్చుతూ వచ్చి పువ్వు చేతిలోకి తీసుకున్నారు. పక్కన కఫీల్ మురిసిపోతున్నాడు. ఉదయకిరణ్ ఫోటో తీయడానికి ఎదురుగా వెళ్లాడు.

"ఏం పనితనం తమ్మీ! నీకేం కావాల్నో రాసియ్యి. నేనే సొంతంగ చూస్త."

"రాసిచ్చిన సార్. మీ చేతులనే ఉన్నది."

మంత్రిగారు కెమెరా వైపు నవ్వారు. "తప్పకుండా పరిశీలిస్తాం" అంటూ పువ్వును వెనక్కి అందించారు.

ఈసారి వెనక ఎవరూ లేరు.