ఫిలోమినాకు దొరికిన మొదటి క్లయింటు

పల్నాడు యువత ఇకమీదట ఉద్యోగం కోసం ఎవరి గుమ్మమూ ఎక్కనక్కర్లేదనీ, ప్రపంచమే పని పట్టుకొని వాళ్ళ గుమ్మం ముందు నిలబడుతుందనీ 'ఇంటి నుంచే కొలువు' పథకం చైర్మన్ త్రికోటేశ్వరరావు గారు నరసరావుపేట సభలో ప్రకటించారు. పత్రికకు వార్తలు రాసే నేను ఆ మాటలను యథాతథంగా పంపించాను. అంత గొప్ప వాక్యం మీద చెయ్యి వేసే ధైర్యం నాకు లేదు.

మా వీధిలో ఉండే ఫిలోమినా ఆ వార్త చదివి నమ్మింది. అక్షరాలు అందంగా గీస్తుంది, షాపులకు లోగోలు వేయగలదు. ఆన్‌లైన్‌లో పని ప్రకటన కనబడితే చాలు, ఆ పని నాకివ్వండంటూ ప్రపోజల్ పంపేది. ఎనిమిది నెలల్లో రెండు వందల పదకొండు పంపింది. జవాబు ఒక్కటీ రాలేదు.

"ఈ నెల చూస్తా బాబాయ్. లేకపోతే అమ్మతో పాటు మిరపకాయల తొడిమలు తీయడానికి పోతా," అంది.

ఇంతలో మంత్రిగారి పర్యటన ఖరారైంది. పథకం వల్ల పనిచ్చే క్లయింటు దొరికిన ఒక్క మనిషితో వేదిక మీద మాట్లాడాలని వారి కోరిక. చైర్మన్ గారి ఆఫీసు మాచర్ల నుంచి సత్తెనపల్లి దాకా గాలించింది. అడిగింది ఒక్కరినే కదా అని అందరూ ధీమాగా ఉన్నారు గానీ, ఆ ఒక్కరే దొరకలేదు.

చివరికి చైర్మన్ గారి పీఏ జిలానీ ఆన్‌లైన్‌లోనే ఒక ప్రకటన పెట్టాడు: "ఆన్‌లైన్‌లో క్లయింటు దొరికిన యువతి కావలెను. వేదికపై పది నిమిషాల పని."

ఫిలోమినా రెండు వందల పన్నెండో ప్రపోజల్ పంపింది. నాలుగు నిమిషాల్లో ఫోను మోగింది.

"నాకింకా ఎవరూ దొరకలేదు సార్," అంది నిజాయితీగా.

"ఇప్పుడు దొరికాంగా తల్లీ, మేమే!" అన్నాడు జిలానీ.

"నా బొమ్మలు చూశారా సార్?"

"బొమ్మలెందుకమ్మా? ఫోటో చూశాం. పట్టుచీర నీకు చానా బాగుంటది."



శుక్రవారం సభలో మంత్రిగారు స్వయంగా మైకు అందించి, "మీ క్లయింటుది ఏ దేశమమ్మా?" అని అడిగారు. జిలానీ రాసిచ్చిన కాగితం చేతి చెమటకు తడిసి, అక్షరాలు అలుక్కుపోయాయి.

"దేశం కాదండీ... జిలానీ గారు," అంది ఫిలోమినా.

జిలానీ ఫ్లెక్సీ చాటుకు తప్పుకున్నాడు. మంత్రిగారు మాత్రం ఆ పేరు విని పులకించిపోయి జనం వైపు తిరిగారు.

"విన్నారా! మన పల్నాడు బిడ్డ గల్ఫ్ దాకా పోయింది!"

చప్పట్లు ఆగలేదు. నేనూ కొట్టాను. సాయంత్రానికి ఆమె ఆన్‌లైన్ ప్రొఫైల్‌లో జిలానీ ఇచ్చిన ఐదు నక్షత్రాలు వెలిగాయి.

నెల తర్వాత బస్టాండులో కనిపించింది.

"ఏమ్మా, బొమ్మలేస్తున్నావా?" అన్నాను.

"తీరిక యాడుంది బాబాయ్? పదకొండింటికి సత్తెనపల్లిలో ఇంకో పథకం మీటింగు," అంటూ బస్సెక్కింది. బస్సు కదులుతుంటే కిటికీలోంచి తల బయటపెట్టి అడిగింది.

"తేనెటీగలు ఏం తింటయ్యో నీకేమన్నా తెలుసా? అక్కడ నేను తేనె రైతుని."