గుడ్డ కప్పిన యంత్రం

2006 ఆగస్టు పద్నాలుగు. పొద్దున బెంగుళూరు హోటల్లో ఇడ్లీ తిన్నాను. సాంబారు తియ్యగా ఉంది. ఆ రోజే నాకు జ్ఞానోదయమైంది: యంత్రం కొని, గుడ్డ కప్పి, మూలన పెట్టడాన్ని మించిన వైద్యం లేదు!

నవ్వకండి. నేను పాఠాలు చెప్పిన కాలేజీలో మైక్రోస్కోపు ముప్పై ఏళ్లు బీరువా దాటలేదు. దాని మీద ఒక్క గీత పడిందా? ఆఫీసు కంప్యూటరుకు ఆయుధపూజ నాడు బొట్టు పెట్టాం. మళ్లీ ఆయుధపూజ దాకా ఎవరూ ముట్టలేదు. ఒక్క వైరస్సయినా సోకిందా?

ఆ రోజు మా మిత్రుడు, విడపనకల్లు రైతు లింగన్నకు అక్కడి ఆసుపత్రిలో స్టెంటు వేశారు. గుండె రక్తనాళం మూసుకుపోకుండా నిలబెట్టే సన్నటి జాలీ గొట్టం అది. నాళంలోకి తీగ దించి లోపలి బొమ్మ చూపించే కొత్త యంత్రం ఆ గదిలోనే ఉంది. గుడ్డ కింద, కుంకుమ బొట్టుతో, చల్లగా! డాక్టరుగారికి ఎక్స్‌రే బొమ్మ చాలు. బయట ఇంకా ఆరుగురు కాచుకుని ఉన్నారు మరి.

ఈ వైద్యంలో రోగికి పూర్తి మత్తు ఇవ్వరు. అదే కొంప ముంచింది. లింగన్న ఏడు బోర్లు వేసినవాడు. మట్టి కూలకుండా లోపల దించే కేసింగు పైపు సరిగా ఆనక రెండు బోర్లు పూడిపోయాయి. డాక్టరు అయిపోయిందనగానే పడుకున్నచోటినుంచే అడిగాడట.

"కేసింగు చుట్టూ గోడకు ఆనిందా సార్?"

బొమ్మలో బాగానే కనబడుతోందన్నారు డాక్టరు.

"పైనుంచి చూస్తే మా బోర్లూ బాగానే ఉండాయి సార్. లోపల చూసినోడే లేడు. ఆ మూల గుడ్డ కప్పినారే, అది దేనికి?"

టెక్నీషియను నవ్వాడట. డాక్టరు నవ్వలేదు. గుడ్డ తీయించారు. చూస్తే, స్టెంటు ఒక కొన గోడకు ఆనలేదు! మళ్లీ లోపల బెలూను ఊది సరిచేశారు. అరగంట దండగ. కొత్త యంత్రం కాస్తా పాతదైపోయింది. ప్రతి రైతూ ఇలా అడిగితే దేశంలో కొత్త యంత్రమనేది మిగులుతుందా?

మా ఊళ్లో ఇంత అన్యాయం జరగదు. నా భార్య భారతికి గుండె నొప్పి వచ్చిన రోజు ఆసుపత్రిలో ఈసీజీ యంత్రం గుడ్డ కిందే ఉంది. అది నడిపే ఆయన సెలవులో ఉన్నాడన్నారు. సరేనన్నాను. చదువుకున్నవాణ్ణి కదా, గట్టిగా అడగడం మర్యాద కాదనుకున్నాను. భారతి లేదు గానీ, ఆ యంత్రం ఇప్పటికీ కొత్తదే.

చీకటి పడేసరికి లింగన్న గురక పెడుతున్నాడు. నర్సు వచ్చి, అతని మణికట్టు పట్టుకుని నిమిషం నిలబడింది. తరవాత లైటు తగ్గించి, చప్పుడు కాకుండా తలుపు వేసింది.